జెండా గుడ్డ ఎక్కడిది, ఎగరేసే చెయ్యి ఎవరిది?



ఆగస్టు దగ్గర పడితే చాలు, హాస్టళ్ల నుంచి తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఒకే ప్రశ్న పంపుతుంటారు. "అన్నా, సిగ్నళ్ల దగ్గర అమ్మే జెండాలు చైనావంట కదా, నిజమేనా?" అని. ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. మన జాతీయ జెండా నియమావళికి సరిపోని జెండాలను విదేశాల నుంచి దిగుమతి చేసుకోవడాన్ని కేంద్ర ప్రభుత్వం 2019 సెప్టెంబరులో నిషేధించింది. రాని సరుకును ఎవరూ పనిగట్టుకొని నిషేధించరు కదా. కాబట్టి అడిగినవాళ్ల అనుమానంలో నిజం ఉంది.

కానీ ఆ ఒక్క ముక్కతో ఆగిపోతే మనకు దక్కేది చైనా మీద కోపం మాత్రమే. "ఏ దేశంలో తయారైంది" అన్న ప్రశ్న వెనకాల ఇంకో మూడు ప్రశ్నలు దాక్కొని ఉంటాయి. ఎవరి చేతులు తయారుచేశాయి? ఎవరు కొనమంటున్నారు? కొన్నాక ఎగరేసే హక్కు ఎవరికుంది? ఈ మూడింటినీ చరిత్రలోంచి లాగి చూద్దాం. కొంచెం పొడుగు పోస్టు. ఓపిగ్గా చదవండి.

1. లేబుల్ పుట్టిన కథ

వస్తువు మీద "ఫలానా దేశంలో తయారైంది" అని రాయడం అనాది నుంచి ఉన్న ఆచారం కాదు. 1887లో బ్రిటిష్ పార్లమెంటు మర్చండైజ్ మార్క్స్ చట్టం చేసింది. జర్మనీ నుంచి వచ్చే కత్తులూ కత్తెర్లూ ఇంగ్లండు పేరు తగిలించుకొని అమ్ముడుపోతున్నాయని అక్కడి వ్యాపారులు గోల పెట్టారు. జర్మనీ సరుకును నలుగురిలో పట్టించాలని "మేడ్ ఇన్ జర్మనీ" అన్న ముద్ర తప్పనిసరి చేశారు. అంటే ఆ ముద్ర మొదట్లో ఒక నింద. కొన్నేళ్లకు అదే ముద్ర నాణ్యతకు గుర్తుగా మారింది. అది వేరే ముచ్చట.

రెండేళ్లకే, 1889లో, అదే చట్టం మన దేశానికీ వచ్చింది. ఇండియన్ మర్చండైజ్ మార్క్స్ చట్టం. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది. లేబుల్‌ను కనిపెట్టింది వ్యాపారి. కాపాడింది వ్యాపారి లాభాన్ని. ఆ వస్తువు చేసిన కూలివాడి పేరు ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఇప్పటికీ లేబుల్ మీద దేశం పేరుంటుంది, కంపెనీ పేరుంటుంది. కూలి ఎంతో ఉండదు.

2. మన దేవుళ్లు, వాళ్ల అచ్చు

"ఇప్పుడే పాడైపోయాం, వెనకటికి అంతా స్వదేశమే" అని కొందరు పెద్దలు నిట్టూరుస్తుంటారు. అది అబద్ధం. పంతొమ్మిదో శతాబ్దం చివరికి లాంకషైర్ మిల్లులకు అన్నిటికన్నా పెద్ద బజారు మన దేశమే. మాంచెస్టర్ నుంచి వచ్చే గుడ్డ తానుల మీద రంగురంగుల లేబుళ్లు అతికించి పంపేవాళ్లు. వాటి మీద ఎవరి బొమ్మలు? మన దేవుళ్లూ, దేవతలూ, మన రాజులూ. అగ్గిపెట్టెలు స్వీడన్ నుంచి, జపాన్ నుంచి వచ్చేవి, వాటి మీదా మన దేవుళ్లే. దేవుడి పటాలు జర్మనీలో అచ్చయి వచ్చేవి. రాజా రవివర్మ బొంబాయిలో 1894లో ప్రెస్సు పెట్టినప్పుడు యంత్రాలు జర్మనీవి, నడిపిన నిపుణులు జర్మన్లు. తర్వాత ఆ ప్రెస్సును కొనుక్కున్నవాడూ జర్మనీ దేశస్థుడే. ఇవాళ మనం "భారతీయ దేవత రూపం" అనుకునే చీరకట్టూ, నగలూ, తామరపువ్వూ ఇంటింటి గోడకూ చేరింది ఆ అచ్చుయంత్రం మీదుగానే.

ఇందులో నీతి ఏమిటి? మన మనోభావాలను మనకే అమ్మడం పాత వ్యాపారం. అమ్మేవాడికి భక్తి అయినా ఒకటే, దేశభక్తి అయినా ఒకటే. ఏ బొమ్మ వేస్తే తాను అమ్ముడుపోతుందో ఆ బొమ్మ వేస్తాడు.

3. 1905: మానేయమన్నది ఎవరు, మాడిపోయింది ఎవరు

1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాల్లో విదేశీ సరుకు బహిష్కరణ తీర్మానం జరిగింది. బెంగాల్ విభజనకు నిరసనగా మొదలైన స్వదేశీ ఉద్యమం అది. ఆ రోజు గుర్తుగానే 2015 నుంచి ఆగస్టు 7ను జాతీయ చేనేత దినోత్సవం అంటున్నాం.

పాఠ్యపుస్తకంలో గుడ్డల మంటల బొమ్మ ఉంటుంది. ఆ మంటలో పడిన గుడ్డ ఎవరిదన్నది మాత్రం ఉండదు. మాంచెస్టర్ గుడ్డ చవక. స్వదేశీ మిల్లు గుడ్డ ఖరీదు. జమీందారుకూ, ప్లీడరుకూ ఆ తేడా లెక్కలోది కాదు. ఏడాదికి ఒక్క పంచె కొనుక్కునే రైతుకూలీకి అది ప్రాణం మీదికి వచ్చే తేడా. అందుకే తూర్పు బెంగాల్లో నామశూద్రులు, అంటే మనలాంటి అంటరాని కులంగా చూడబడినవాళ్లు, ఆ ఉద్యమానికి దూరంగా నిలబడ్డారు. వాళ్ల నాయకుడు గురుచంద్ ఠాకూర్ తన జనాన్ని ముందు చదువు వైపు నడిపించాడు. పేద ముస్లిం రైతులు కూడా చాలాచోట్ల దూరంగానే ఉన్నారు. వాళ్ల మీద ఒత్తిడి పెట్టింది ఎవరు? వాళ్లకు భూమి కౌలుకిచ్చిన జమీందార్లు, అప్పిచ్చిన బాబులు.

ఈ సంగతి బ్రిటిష్ వాడు పుట్టించిన కట్టుకథ కాదు. మొదట్లో స్వదేశీకి పాటలు కట్టిన రవీంద్రనాథ్ టాగూరే, ఆ తర్వాత 'ఘరే బైరే' నవలలో విదేశీ గుడ్డ అమ్ముకొని బతికే పంచు అనే పేదవాణ్ణి చూపించాడు. దేశభక్తి పేరున జమీందారు అతనికి జరిమానా వేస్తాడు, అతని సరుకు తగలబెట్టిస్తాడు.

సొమ్మొకడిది సోకొకడిది అంటారు చూశారా, అది ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. త్యాగం పేరు పెద్దింటివాడికి దక్కింది. నష్టం పంచుకు మిగిలింది.

నామశూద్రులను "దేశద్రోహులు" అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. మరి వాళ్లు అడిగిందేమిటి? దేశం మాది కూడా అయితే, దేశం కోసం పెట్టే ఖర్చు మా వీపు మీద మాత్రమే ఎందుకు పడుతోంది అని. ఆ ప్రశ్నకు జవాబు రాలేదు.

4. మన మగ్గం, మన గుడ్డ

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మాలవాడ అంటే పొలం కూలి, వెట్టి అని మాత్రమే తెలుసు చాలామందికి. మాలల వృత్తుల్లో నేత కూడా ఒకటి. పల్లెకు కావాల్సిన ముతక గుడ్డ మనవాళ్లు నేసేవాళ్లు. 1909లో థర్‌స్టన్ అచ్చువేసిన దక్షిణాది కులాల సంపుటాల్లో కూడా ఈ సంగతి ఉంది. నమ్మకం కుదరకపోతే మన ఎస్సీ కులాల జాబితా తీసి చూడండి. అందులో "మాల సాలె" అన్న పేరు కనిపిస్తుంది. సాలె అంటే నేత. ఉత్తర తెలంగాణలో "నేతకాని" అని పిలుచుకునేవాళ్ల పేరులోనే మగ్గం ఉంది.

మిల్లు గుడ్డ పల్లె సంతలకు దిగాక ముందు దెబ్బతిన్నది ఈ ముతక నేతే. పట్టుచీర నేసేవాడికి పెళ్లిళ్లున్నాయి, జరీకి గిరాకీ ఉంది. కూలివాడి కోసం కూలివాడు నేసే గుడ్డకు మిల్లు గుడ్డే నేరుగా పోటీ. మగ్గం గుంట పూడింది, మనిషి పొలం కూలికి మళ్లాడు. దేశీయ పరిశ్రమ నాశనం గురించి పుస్తకాలు రాసినవాళ్లు ఢాకా మస్లిన్ కోసం కన్నీళ్లు పెట్టారు. మాలవాడ మగ్గం కోసం పెట్టింది తక్కువ.

ఇంకో పక్క కూడా చూడాలి. నిజం రెండు పక్కలా ఉంది. గుడ్డకు ఈ దేశంలో కులం ఉంది. మోకాలి కిందికి పంచె కట్టకూడదు, భుజాన తువ్వాలు వేయకూడదు, రవిక తొడగకూడదు, నగ పెట్టకూడదు. ఊరి పెద్దలు గీసిన ఈ గీతలన్నీ గుడ్డ మీదే. అందుకే 1927 డిసెంబరులో మహాడ్‌లో బాబాసాహెబ్ మన ఆడవాళ్లతో ప్రత్యేకంగా గుడ్డ గురించి మాట్లాడాడు. అంటరానివాళ్లని గుర్తుపట్టేలా ఉండే కట్టు మానేయండి, శుభ్రంగా, నిండుగా చీర కట్టండి అన్నాడు. ఆ మాటకు అక్కడికక్కడే స్త్రీలు చీరకట్టు మార్చుకున్నారు. బాబాసాహెబ్ కోటూ టై మీద వెక్కిరింతలు విన్నాం కదా. గోచీ కట్టుకోవడం ఒకరికి త్యాగం, ఎందుకంటే ఆయనకు వేరే దారి ఉండి వదులుకున్నాడు. మనకు గోచీ త్యాగం కాదు, శిక్ష. శిక్షను తీసి అవతల పారేసి కోటు తొడుక్కోవడం మన స్వాతంత్ర్య ప్రకటన.

కాబట్టి "స్వదేశీ గుడ్డ పవిత్రం, విదేశీ గుడ్డ పాపం" అన్న లెక్క మనకు కుదరదు. చవక మిల్లు గుడ్డ మన నేతను చంపింది. అదే చవక గుడ్డ మన పిల్లల ఒంటిమీద చొక్కా కూడా అయింది. రెండూ చెప్పాలి.

5. ఖద్దరు పేరుకు కాపలా

ఇప్పుడు జెండా దగ్గరికి వద్దాం. ఇది మన తెలుగు నేల కథ కూడా. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య 1916లోనే జాతీయ జెండా గురించి ఇంగ్లిషులో చిన్న పుస్తకం వేశాడు. ఆయనను "పత్తి వెంకయ్య" అని కూడా పిలిచేవాళ్లు, కంబోడియా పత్తి మీద చేసిన కృషి వల్ల. తమాషా చూడండి. జెండా మనిషికి పేరు తెచ్చిన పత్తి పేరులోనే పరదేశం ఉంది. విత్తనానికి దేశభక్తి తెలియదు, నేల పట్టిందా లేదా అన్నదే దానికి తెలుసు.

1921లో బెజవాడలో కాంగ్రెస్ అఖిల భారత కమిటీ సమావేశం జరిగినప్పుడు వెంకయ్య జెండా నమూనా గాంధీకి ఇచ్చాడు. రాట్నం ఉండాలన్న సూచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌ది. తెలుపు పట్టీ కలపమన్నది గాంధీ. 1931లో కాంగ్రెస్ కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, మధ్యన రాట్నంతో జెండాను ఆమోదించింది. ఆ జెండా ఖద్దరుదే కావాలన్నది ఆ ఉద్యమం పట్టుదల.

ఇక్కడే మొదటి మోసం బయటపడింది. ఖద్దరుకు గిరాకీ పెరిగేసరికి మిల్లులు ముతక గుడ్డ నేసి ఖద్దరు అని అమ్మడం మొదలుపెట్టాయి. దేశభక్తి ఒక బ్రాండు అయింది, బ్రాండుకు నకిలీ పుట్టింది. చివరికి చట్టమే చేయాల్సివచ్చింది. 1934 ఖద్దరు పేరు పరిరక్షణ చట్టం. ఇంగ్లిషులో రాసినా, ఏ దేశభాషలో రాసినా, ఖద్దరు, ఖాదీ అన్న మాటలు ఒకే గుడ్డకు వర్తిస్తాయని ఆ చట్టం చెప్పింది. ఇండియాలో చేత్తో వడికిన నూలుతో, ఇండియాలో చేతిమగ్గం మీద నేసిన గుడ్డ. పైన చెప్పిన 1889 చట్టంతోనే దీన్ని ముడివేశారు. వ్యాపారి లాభం కోసం పుట్టిన లేబుల్ చట్టం మొదటిసారి వడికే చేతికీ నేసే చేతికీ కాపలాగా నిలబడింది.

1947 జూన్‌లో రాజ్యాంగ సభ జెండా కోసం రాజేంద్రప్రసాద్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. అందులో బాబాసాహెబ్ అంబేడ్కర్ సభ్యుడు. మన తెలుగువాడు పట్టాభి సీతారామయ్య కూడా ఉన్నాడు. రాట్నం స్థానంలో సారనాథ్ అశోక స్తంభం మీది చక్రం వచ్చింది. మన సభల్లో కొందరు వక్తలు "చక్రం పెట్టించింది ఒక్క బాబాసాహెబే" అని అనేస్తుంటారు. అది కమిటీ నిర్ణయం, ఆ కమిటీలో ఆయన ఉన్నాడు. ఉన్న నిజమే చాలా పెద్దది, దాన్ని ఉబ్బించాల్సిన పనిలేదు. జూలై 22న నెహ్రూ తీర్మానం పెట్టి ఖాదీ పట్టుతో ఒకటి, ఖాదీ నూలుతో ఒకటి, రెండు జెండాలు సభకు చూపించాడు. రాట్నం పోయినందుకు గాంధీ బహిరంగంగానే బాధపడ్డాడు. మనకు మాత్రం బౌద్ధ ధర్మచక్రం జెండా నడిమధ్యకు వచ్చి నిలబడింది.

గుడ్డ ఖద్దరు, గుర్తు ధర్మచక్రం. ఒకటి చేతిపనికి గౌరవం. రెండోది సమానత్వానికి మాట.

6. భారతీయ ప్రమాణం నంబర్ 1

స్వతంత్ర భారతంలో ప్రమాణాల సంస్థ సిమెంటుకూ, ఇనుముకూ, కుక్కరుకూ, హెల్మెట్‌కూ వేల ప్రమాణాలు రాసింది. వాటిలో ఐఎస్ 1 అని ఒకటో నంబరు ఇచ్చింది దేనికో తెలుసా? జాతీయ జెండాకు. 1951లో వెలువడింది, 1968లో మళ్లీ సవరించారు. కొలతలూ, రంగులూ, నూలూ, కుట్టూ, చక్రంలో 24 ఆకులూ అన్నీ అందులో ఉన్నాయి. తొమ్మిది సైజులు. అన్నిటికన్నా పెద్దది 6300 మిల్లీమీటర్ల పొడవు, 4200 వెడల్పు. చిన్నది 150కి 100.

ఈ ప్రమాణం ప్రకారం జెండా తయారుచేసే పేరున్న చోటు కర్ణాటకలోని హుబ్బళ్లి దగ్గర బెంగేరి. 1957లో పుట్టిన కర్ణాటక ఖాదీ గ్రామోద్యోగ సంయుక్త సంఘం అక్కడ ఉంది. చాలా ఏళ్లపాటు ప్రమాణాల సంస్థ గుర్తింపు ఉన్న జెండా కేంద్రం దేశం మొత్తం మీద అదొక్కటే. గుడ్డ బాగల్‌కోట్ వైపు పల్లెల్లో నేస్తారు. తర్వాత చలవ చేసి రంగు అద్దడం, కొలత ప్రకారం కోయడం, చక్రం అచ్చువేయడం, మూడు పట్టీలు కుట్టడం, తాడూ కొయ్య గుబ్బా బిగించడం. ఈ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఒక దారపు పోగు తేడా వచ్చినా, చక్రం అటూఇటూ జరిగినా ఆ జెండా పక్కనపెట్టేస్తారు.

2002 జనవరి 26 నుంచి కొత్త జెండా నియమావళి వచ్చింది. సామాన్యుడు కూడా ఏడాది పొడవునా జెండా ఎగరేయొచ్చు. 2004 జనవరిలో నవీన్ జిందాల్ కేసులో సుప్రీంకోర్టు, గౌరవంగా జెండా ఎగరేయడం రాజ్యాంగం 19వ అధికరణం కింద పౌరుడి ప్రాథమిక హక్కు అని తీర్పిచ్చింది. మంచిదే. ఈ తీర్పును గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరం.

హక్కు వచ్చింది, గిరాకీ పెరిగింది, దాంతోపాటు ప్లాస్టిక్ జెండాలూ, పాలిస్టర్ జెండాలూ, బయటినుంచి దిగిన జెండాలూ బజారు నిండాయి. ప్లాస్టిక్ జెండాలు వాడొద్దని కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు పదేపదే లేఖలు రాయాల్సివచ్చింది. తర్వాత 2019 దిగుమతి నిషేధం.

ఇక్కడ ఆగి జాగ్రత్తగా చదవండి. ఆ నిషేధం "విదేశీ జెండా రాకూడదు" అనలేదు. "నియమావళిలో చెప్పిన ప్రమాణాలకు సరిపోని జెండా రాకూడదు" అంది. అప్పటికి నియమావళి అడిగేది చేత్తో వడికి, చేత్తో నేసిన గుడ్డ. కాబట్టి యంత్రం మీద నేసిన పాలిస్టర్ జెండాకు తలుపు మూసినట్టే.

2021 డిసెంబరు 30న ఆ నియమావళినే మార్చారు. చేత్తో చేసినదైనా, యంత్రం మీద చేసినదైనా సరే. నూలు, పాలిస్టర్, ఉన్ని, పట్టు, ఖాదీ ఏదైనా సరే. ఇప్పుడు పాలిస్టర్ జెండా ప్రమాణానికి సరిపోయిన జెండానే. మరి ప్రమాణానికి సరిపోని జెండాను ఆపడానికి పెట్టిన తలుపు ఇక పాలిస్టర్‌ను ఏ కారణంతో ఆపుతుంది? తలుపు అక్కడే ఉంది, తాళం మారింది. ఎవరూ నిషేధాన్ని ఎత్తేయలేదు. ఎత్తేయాల్సిన అవసరమే లేకుండా పోయింది. చట్టాలు చదివే విద్యార్థులు ఈ పనితనం నేర్చుకోవాలి. హక్కులు కూడా ఎక్కువసార్లు ఇలాగే పోతాయి. హక్కును రద్దు చేయరు, దాని నిర్వచనం మారుస్తారు.

7. ఇంటింటికీ ఇరవై ఐదు రూపాయలు

2022 ఆగస్టు 13 నుంచి 15 వరకు హర్ ఘర్ తిరంగా. పోస్టాఫీసుల్లో జెండా 25 రూపాయలు. పది రోజుల్లోనే కోటికి పైగా జెండాలు అమ్మినట్టు తపాలా శాఖ ప్రకటించింది. యంత్రం మీద చేసిన పాలిస్టర్ జెండాకు కూడా జీఎస్టీ మినహాయింపు ఇచ్చారు. సూరత్ మిల్లులు రాత్రింబవళ్లు నడిచాయి. తెలంగాణ ప్రభుత్వం కూడా కోటీ ఇరవై లక్షల జెండాలు ఉచితంగా పంచుతామంది, సిరిసిల్ల మరమగ్గాలకు కొన్నాళ్లు పని దొరికింది. అదే సమయంలో బెంగేరిలో ఖాదీ కార్మికులు నిరసనకు దిగారు. దేశమంతా జెండాలు కొంటున్న ఏడాదిలో, జెండా నేసేవాళ్లు మా పని పోతోందని రోడ్డెక్కారు.

ఇరవై ఐదు రూపాయల్లో చేత్తో వడికి, చేత్తో నేసి, రంగద్ది, కుట్టిన జెండా రాదు. ఆ ధర నిర్ణయించిన రోజే రాట్నం ఓడిపోయింది. చాలాచోట్ల చక్రం గుండ్రంగా లేని జెండాలూ, చక్రం పక్కకు జరిగిపోయిన జెండాలూ వచ్చాయని ఆ రోజుల్లో పేపర్లు రాశాయి. ఐఎస్ 1 రాసినవాళ్లు ఇది చూస్తే ఏమనుకునేవాళ్లో.

"మరి పేదవాడికి చవక జెండా వద్దా?" అని మీరు అడగాలి. అడగండి. పైన నామశూద్రుల గురించి చెప్పింది ఇందుకే. ఖద్దరు జెండానే కొనాలి అని పేదవాడి నెత్తిన రుద్దితే అది మళ్లీ 1905 అవుతుంది. నా అభ్యంతరం చవక జెండా మీద కాదు. జెండా కొనడాన్నే దేశభక్తి పరీక్షగా మార్చడం మీద. ఆ ఆగస్టులోనే హర్యానాలోని కర్నాల్ జిల్లాలో ఒక రేషన్ డిపోలో 20 రూపాయల జెండా కొంటేనే సరుకులు ఇస్తామన్న వీడియో బయటికి వచ్చింది. గొడవయ్యాక ఆ డిపో లైసెన్సు సస్పెండ్ చేశారు. 1905లో పంచు సరుకు తగలబెట్టారు. 2022లో రేషన్ గింజలకు జెండా అడ్డం పెట్టారు. దేశభక్తి ఖర్చు ఎవరి దగ్గర వసూలవుతుందో మళ్లీ చూశాం.

నేసేవాళ్ల మీద ఉన్న ప్రేమను కూడా లెక్క చూద్దాం. 2020 జూలై చివర్లో, చేనేత దినోత్సవానికి కొద్ది రోజుల ముందు, అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేశారు. చేనేత చీర మీద 5 శాతం జీఎస్టీ ఉంది, దాన్ని తీసేయమని 2022 అక్టోబరులో తెలంగాణలో మంత్రి స్థాయిలోనే పోస్టుకార్డుల ఉద్యమం నడిచింది. పాలిస్టర్ జెండాకు పన్ను లేదు. చేత్తో నేసిన చీరకు ఉంది.

8. లోపల ఎవరు, పైన ఎవరు

జెండా ఒక్కటే కాదు. 2018 అక్టోబరు 31న ప్రారంభమైన 182 మీటర్ల పటేల్ విగ్రహం పైపొర కంచు పలకలు చైనాలో పోతపోసినవి. వాటి విలువ మొత్తం ఖర్చులో 9 శాతం లోపేనని కట్టిన కంపెనీ వివరణ ఇచ్చింది. సరే, ఒప్పుకుందాం. హైదరాబాద్ శివార్లలోని ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరి 5న ప్రారంభించిన 216 అడుగుల "సమతామూర్తి" విగ్రహాన్ని చేసింది కూడా చైనా కంపెనీయే. ప్రైవేటు విరాళాలతో, ఆత్మనిర్భర్ నినాదానికి ముందే మొదలైన పని అని కేంద్రమంత్రి జవాబు చెప్పాడు. అదీ ఒప్పుకుందాం. అమెరికాలోనూ ఇదే జరిగింది. 2012 లండన్ ఒలింపిక్స్‌కు అమెరికా జట్టు తొడిగిన దుస్తులు చైనావని తెలిసి, వాటిని కుప్పపోసి తగలబెట్టాలని అక్కడి సెనేటు నాయకుడే అన్నాడు. 1905 మంట వందేళ్ల తర్వాత అమెరికా సెనేటరు నోట్లో వినిపించింది.

ఈ చర్చలన్నిటిలో ఒక పోలిక ఉంది. చైనా అన్న పేరు రాగానే అందరికీ రోషం వస్తుంది. పటేల్ విగ్రహం కోసం కేవడియా చుట్టుపక్కల ఆదివాసులు భూమి గురించి మొత్తుకుంటే ఆ రోషం రాలేదు. పలక ఎక్కడ పోశారన్నది దేశం గౌరవానికి సంబంధించిన విషయం అయింది. నేల ఎవరిదన్నది కాలేదు.

చైనా ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ ముందు కూర్చున్న అమ్మాయి కూడా పల్లె వదిలి పట్నానికి వచ్చిన కూలీయే. ఆమె కుట్టింది ఏ దేశం జెండానో ఆమెకు తెలియాల్సిన పని కూడా లేదు. ఆమె మన శత్రువు కాదు. సూరత్ మరమగ్గం మీద ఒడిశా నుంచి వలస వచ్చిన కుర్రాడూ, బెంగేరిలో పట్టీలు కుట్టే అక్కా, ఆమె, ముగ్గురూ ఒకే వరసలో నిలబడ్డవాళ్లు. లేబుల్ వాళ్లను మూడు దేశభక్తులుగా విడగొడుతుంది.

9. తాడు లాగే చెయ్యి

ఇప్పుడు ఆఖరి ప్రశ్న. 2020 ఆగస్టు 15. తమిళనాడు తిరువళ్లూరు జిల్లా ఆతుపాక్కం గ్రామం. పంచాయతీ అధ్యక్షురాలు దళిత మహిళ. ఓట్లతో గెలిచింది, కుర్చీ ఆమెది. స్వాతంత్ర్య దినం నాడు జెండా ఎగరేయనివ్వలేదు. విషయం పేపర్లకెక్కాక ఐదు రోజులకు కలెక్టరు వచ్చి, పోలీసుల మధ్య ఆమె చేత జెండా ఎగరవేయించారు.

2022లో, ఇంటింటికీ జెండా అని దేశమంతా మోగిన అదే ఆగస్టులో, తమిళనాడు ప్రధాన కార్యదర్శి కలెక్టర్లకు లేఖ రాశాడు. కులవివక్ష లేకుండా దళిత పంచాయతీ అధ్యక్షులు జెండా ఎగరేసేలా చూడండి అని. స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై ఐదేళ్లు. ఒక రాష్ట్రంలో అందరికన్నా పెద్ద అధికారి కాగితం రాసి మరీ చెప్పాల్సిన విషయం ఇది.

ఆ జెండా హుబ్బళ్లి ఖద్దరుదా, సూరత్ పాలిస్టర్‌దా, పరదేశానిదా అని ఆ ఊళ్లో ఎవరూ అడిగి ఉండరు. తాడు పట్టుకునే చెయ్యి ఏ కులానిదన్నదే ప్రశ్న అయింది. 2004 సుప్రీంకోర్టు తీర్పు ప్రాథమిక హక్కు అంది. ఆ హక్కు ఫ్యాక్టరీ యజమానికి తీర్పు కాగితంతో దక్కింది. పంచాయతీ అధ్యక్షురాలికి పోలీసు కాపలాతో దక్కింది.

కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈసారి ఎవరైనా "ఆ జెండా చైనాదంట" అంటే వాదనకు దిగకండి. లేబుల్ చూడండి, చూపించండి. ఆ తర్వాత ఈ ప్రశ్నలు కూడా అడగండి. ఇది చేసినవాళ్లకు కూలి ఎంత గిట్టింది? దీన్ని కొనమని ఎవరి మీద ఒత్తిడి పెట్టారు? చట్టంలో ఏ మాట మార్చాక ఇది బజారుకు వచ్చింది? మన ఊళ్లో దీన్ని ఎగరేసేది ఎవరు, ఎగరేయనివ్వనిది ఎవరిని?

పని ఒకటి కూడా చెబుతాను. ఈ ఆగస్టు 15న మీ మండలంలో ఎస్సీ సర్పంచులున్న పంచాయతీలు, ఎస్సీ హెడ్మాస్టర్లున్న బడులు ఎన్నో రాసిపెట్టుకోండి. అక్కడ జెండా తాడు ఎవరు లాగారో వెళ్లి చూడండి. సర్పంచ్ పక్కన నిలబడి వేరేవాళ్లు లాగితే ఆ సంగతి తేదీతో, ఊరి పేరుతో రాయండి. ఎమ్మార్వోకు అర్జీ పెట్టండి, కాపీ దగ్గర ఉంచుకోండి. చరిత్ర అంటే అదే. మనం రాయకపోతే దాని మీద కూడా ఇంకెవరి లేబులో పడుతుంది.

చక్రంలో 24 ఆకులున్నాయి. అవన్నీ సమానమైన కొలతతో ఉంటేనే ప్రమాణాల సంస్థ ఆ జెండాను ఒప్పుకుంటుంది. గుడ్డ విషయంలో దేశం పెట్టుకున్న ఆ నియమాన్ని మనుషుల విషయంలో కూడా పాటించమనే మనం అడుగుతున్నాం.

వచ్చే భాగంలో మాలవాడ మగ్గం గుంటల గురించి రాస్తాను. మీ తాతల ఇళ్లలో మగ్గం ఉండేదని విన్నవాళ్లు ఊరి పేరుతో నాకు రాయండి.

జై భీమ్.